పిల్లికి నేను పెట్టిన పస్తు

నేను రిటైరైన రోజు జగ్గయ్యపేట పశువుల ఆసుపత్రి ఆవరణలో చిన్న షామియానా వేసి, నా మెడలో దండ వేసి, కుర్ర డాక్టర్లు ఒక ప్రశ్న అడిగారు. “మేడమ్, ఇన్నేళ్ల సర్వీసులో మీరు మరిచిపోలేని కేసు ఏది?” కడుపులో అడ్డం తిరిగిన దూడ గురించో, ఊరంతా గాలికుంటు పట్టుకున్న ఏడాది గురించో చెబుతానని ఎదురుచూశారు. నేను “పిల్లి” అన్నాను. అందరూ గొల్లున నవ్వారు. అంతకు మించి చెప్పే ధైర్యం ఆ రోజు మైకు ముందు నాకు లేకపోయింది. ఆ కేసులో తప్పు చేసింది నేనే మరి. ఇప్పుడు పింఛను తీసుకుంటున్న మనిషిని, ఎవరూ మెమో ఇవ్వలేరు కాబట్టి చెబుతున్నాను.

ఇందులో ఎవరికీ పేరు పెట్టను. పిల్లికి కూడా. దానికి ఇంట్లో ముద్దుపేరు ఉంది గానీ, పేటలో ఆ పేరు చెబితే ఇల్లు ఏదో ఎవరైనా చూపించేస్తారు.

నేను గేదెల డాక్టర్ని. చందర్లపాడులో ఎనిమిదేళ్లు, రెడ్డిగూడెం వైపు కొన్నేళ్లు, చివర్లో జగ్గయ్యపేట. కాపురం మాత్రం నందిగామలోనే. పొద్దున్నే బస్సెక్కి పేట వెళ్లడం, సాయంత్రం తిరిగి రావడం. భుజం దాకా లోపలికి పెట్టి దూడ కాళ్లు సరిచేసిన చెయ్యి నాది. ఆ గర్వం నాకు బాగానే ఉండేది. కుక్కలు, పిల్లులు వస్తే చూసేదాన్ని గానీ, ఇవీ ఒక కేసులేనా అని లోపల చిన్నచూపు. నా దగ్గర ట్రైనింగు చేసిన ఒకమ్మాయి చదువైపోయాక విజయవాడలో పెంపుడు జంతువుల క్లినిక్‌లో చేరతానని చెప్పడానికి వస్తే, “వెళ్లు తల్లీ, బొచ్చుకుక్కలకి క్షవరాలు చేసుకో” అన్నాను. నలుగురి ముందే అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, కాళ్లకి దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

ఇక పిల్లి. దాన్ని తీసుకొచ్చింది ఒక ముస్లిముల ఇంటి కోడలు. ముప్ఫై అయిదేళ్లుంటాయి. కూరగాయల ప్లాస్టిక్ బుట్టలో పెట్టి, పైన చున్నీ కట్టి, రెండు చేతులా మోసుకొచ్చి బల్ల మీద దించి, నడుం పట్టుకుని నిలబడింది. చున్నీ విప్పితే తెలుపూ గోధుమరంగూ కలిసిన పిల్లి. బుట్ట ఎంతుందో పిల్లి అంతుంది. మా అటెండరు పాతికేళ్లుగా పశువుల్ని పట్టుకుంటున్న మనిషి. ఒకసారి పొట్ట తడిమి, “మేడమ్, ఇది రేపో మాపో ఈనేటట్టుంది. నాలుగు పిల్లలు ఖాయం” అన్నాడు.

“మగదండి” అంది కోడలు.

అటెండరు చెయ్యి తీసేసి కిటికీలోంచి బయటకి చూడటం మొదలుపెట్టాడు.

“మంచం ఎక్కలేకపోతోందండి. నాలుగడుగులేస్తే రొప్పుతోంది. ఒళ్లు నాక్కుందామంటే మెడ వెనక్కి తిరగట్లేదు. చూడండి, వీపు మీద బొచ్చంతా ఉండలు కట్టేసింది” అని చెప్పింది ఆమె. కింద వాళ్లాయన మోటారు వైండింగ్ షాపు, పైన ఇల్లు. వీధిలో లారీలు, కుక్కలు అని దాన్ని ఎప్పుడూ కిందికి దింపలేదు. చిన్నప్పుడే ఆపరేషను చేయించారు. ఆ మూడు గదులు తప్ప అది లోకం ఎరగదు.

గేదె బరువు మేం టేపుతో లెక్క కడతాం. పిల్లిని తూచే సాధనం ఆసుపత్రిలో లేదు. “మా షాపులో రాగి తీగ తూచే కాటా ఉందండి, గ్రాములతో సహా చూపిస్తుంది” అంది కోడలు. గంటలో ఫోను చేసింది. ఎనిమిది కిలోల రెండు వందల గ్రాములు. దాని ఎముకకి నాలుగున్నర, మహా అయితే అయిదు ఉండాలి. మనిషి తన ఒంటి మీద ఇంకో మనిషిని ఎక్కించుకుని తిరుగుతున్నట్టు లెక్క. తిండి మెల్లగా తగ్గించమని, వారం వారం తూచి చెప్పమని అన్నాను. అక్కడిదాకా నేను చెప్పిందాంట్లో తప్పేం లేదు.

మూడు వారాలు గడిచాయి. పిల్లి తగ్గలేదు సరికదా, యాభై గ్రాములు పెరిగింది. “నేను కొలిచే పెడుతున్నానండి, ఒట్టు” అంటుంది కోడలు. నాకు కోపం వచ్చింది. రోగం లొంగకపోతే నాకు ముందు కోపమే వస్తుంది, ఆలోచన తర్వాత వస్తుంది. ఒక రోజు మధ్యాహ్నం భోజనాల వేళ చెప్పకుండా వాళ్లింటికి వెళ్లాను.

పై గదిలో మంచం మీద ఆ ఇంటి పెద్దాయన కూర్చుని ఉన్నారు. కోడలి మామగారు. ముప్ఫై ఏళ్లు లారీ నడిపిన మనిషి. నాలుగేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. మిగిలిన మాటలు రెండే. ఒకటి “పోనీ”. ఇంకొకటి లారీ కదలడానికి క్లీనర్లు అరిచే “రైట్”. అవుననడానికీ, బాగుందనడానికీ, పదమనడానికీ ఆ ఒక్క రైటే. ఒళ్లో కంచం, పక్కన పిల్లి. ఎడమ చేత్తో ఒక ముద్ద తను తింటున్నారు, రెండు ముద్దలు దానికి పెడుతున్నారు. కోడికూర ముక్క, రొట్టె, పాలలో ముంచిన బిస్కెట్టు, అన్నీ. అది అరచేతిలో మూతి పెట్టి హాయిగా తింటోంది.

పిల్లికి కూడా బిచ్చం పెట్టని వాళ్లని చాలామందిని చూశాను. కంచంలో మూడింట రెండు వంతులు పిల్లికే పెట్టే మనిషిని అదే చూడటం. అది చూసి నేను ముచ్చటపడాల్సింది. పడలేదు. రెచ్చిపోయాను.

“బాబాయ్‌గారూ, దానికి రోగం మీ చేతిలోంచే వస్తోంది. ఇట్లా పెడితే ఇంకో ఏడాది బతకదు. రేపట్నించి మీ చేత్తో మెతుకు కూడా పెట్టడానికి వీల్లేదు” అన్నాను. కోడలి వైపు తిరిగి, “ఉడకబెట్టిన కోడి రొమ్ము ముక్క, నేను చెప్పిన తూకం, గిన్నెలో పెట్టి వంటింట్లో ఉంచు. ఇంకేమీ వద్దు” అన్నాను.

“గిన్నెలో తినదేమో అండి. మామయ్య పెడితేనే తింటది.”

“తినకపోతే పస్తుండనియ్. లంఖణం పరమౌషధం అన్నారు పెద్దలు. ఆకలేస్తే అదే తింటుంది.”

పెద్దాయన నా వంక చూశారు. కంచం పక్కన పెట్టి, ఆ ఎడమ చేతిని తువ్వాలుతో తుడుచుకుని, ఒళ్లో పెట్టుకున్నారు. నేను మెట్లు దిగి బస్సెక్కాను. మంచి పని చేసినట్టే ఉంది నాకు.

ఇక్కడ ఆగి మీకొకటి చెప్పాలి. మన ఇళ్లల్లో జ్వరం వస్తే లంఖణం, అజీర్ణం చేస్తే లంఖణం. గేదె పొట్ట ఉబ్బితే దాణా ఆపుతాం. కుక్క వాంతి చేసుకుంటే ఒకపూట మాడుస్తాం. పస్తు మంచిదన్న నమ్మకం మన రక్తంలోనే ఉంది. అయిదేళ్లు కాలేజీలో చదివిన చదువు కూడా దాని ముందు నిలబడదు. నాకు నిలబడలేదు.

మర్నాడే రంజాన్ నెల మొదలైంది. ఆ ఏడాది అది మంచి ఎండల్లో వచ్చింది. పగలు ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, గిన్నెల చప్పుడు ఉండదు. వంటింట్లో పిల్లి గిన్నె పొద్దున ఎట్లా ఉందో సాయంత్రం అట్లాగే ఉంది. మొదటి రెండు రోజులు ఇంట్లో అందరూ ముచ్చటగా నవ్వుకున్నారట, “మన పిల్లి కూడా రోజా ఉంటోంది” అని. అయితే రోజా ఉన్నవాళ్లు సాయంత్రం ఖర్జూరం నోట్లో వేసుకుంటారు. ఇది సాయంత్రం కూడా తినలేదు.

మూడో రోజు కోడలు ఫోను చేసింది. నేను చందర్లపాడు దగ్గర టీకాల క్యాంపులో ఉన్నాను. ముందు నలభై గేదెలు, చేతిలో సిరంజి.

“అసలు ముట్టట్లేదండి. మామయ్య మంచం కింద పడుకునే ఉంటోంది. భయంగా ఉందండి.”

“మొండికేస్తోందమ్మా. మీరు మెత్తబడితే అది గెలుస్తుంది. ఇంకో రెండు రోజులు చూడు” అని పెట్టేశాను.

అయిదో రోజు వాళ్లాయన ఫోను చేశాడు. సంబరంగా ఉన్నాడు. “ఏడొందల గ్రాములు తగ్గిందండి! ఇవాళే కాటా మీద పెట్టా.”

నేను “శభాష్” అన్నాను.

ఆ శభాష్ తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఏడో రోజు పొద్దున నేను ఆసుపత్రికి వెళ్లేసరికి కోడలు అరుగు మీద కూర్చుని ఉంది. ఈసారి బుట్ట ఒక చేత్తోనే మోసుకొచ్చింది. పిల్లి తల ఎత్తలేదు. నోటి చివర చొల్లు కారుతోంది. మా అటెండరు దాన్ని బల్ల మీదకి తీసి, వెలుతురుకి తిప్పాడు. “మేడమ్, చెవులు చూడండి. పసుపు పూసినట్టున్నాయి” అన్నాడు.

చెవులు, కళ్లు, పంటి చిగుళ్లు, అన్నీ పసుపే.

కామెర్లని తెలుస్తోంది. ఎందుకో తెలియలేదు. నిజం చెబుతున్నాను, నాకు ఏమీ తోచలేదు. ముప్ఫై మూడేళ్ల సర్వీసు ఆ బల్ల ముందు ఎందుకూ పనికిరాకుండా నిలబడింది. అప్పుడు సిగ్గు చంపుకుని విజయవాడ అమ్మాయికి ఫోను చేశాను. క్షవరాలు చేసుకోమన్న అమ్మాయికే.

“మేడమ్! బాగున్నారా?” అంది సంతోషంగా. నేను లక్షణాలు చెప్పాను.

“లావు పిల్లేనా మేడమ్?”

“బాగా లావు.”

“తిని ఎన్నాళ్లయింది?”

“వారం” అన్నాను. “నేనే మాన్పించా” అని కూడా చెప్పాను.

ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. మెల్లగా చెప్పింది. “లివర్‌కి కొవ్వు పట్టేసింది మేడమ్. తిండి ఆగంగానే ఒంట్లో కొవ్వంతా ఒక్కసారి కరిగి లివర్‌ మీద పడుతుంది. పిల్లి లివర్‌ దాన్ని మోయలేదు. మూసుకుపోతుంది. ఇంక ఆకలేస్తే తింటుందని చూడకూడదు మేడమ్. దానికి ఆకలే చచ్చిపోయి ఉంటది. మనం ఎన్ని రోజులు చూస్తే అంత దగ్గరకొస్తది చావు.” మళ్లీ తనే, “ఈనిన లావు గేదె మేత మానేస్తే అయ్యేది ఇదే కదా మేడమ్. మీరే నేర్పించారు నాకు, చెవిటికల్లులో” అంది.

చెవిటికల్లులో ఒక రైతు కొట్టంలో, ఈనిన మూడో రోజు మేత ముట్టని బలిసిన గేదె పక్కన నిలబడి, “కొవ్వున్న పశువు తినకపోతే బక్క పశువు కంటే తొందరగా పోతుంది, గుర్తుపెట్టుకో” అని ఈ అమ్మాయికి పాఠం చెప్పింది నేనే. వందల గేదెల్లో చూశాను ఆ జబ్బుని. ఇప్పుడు అదే జబ్బు ఎనిమిది కిలోల ఒంట్లో నా కళ్లముందుకొచ్చి కూర్చుంటే గుర్తుపట్టలేదు. పిల్లే కదా అని దాన్ని అసలు పశువుగానే చూడలేదు నేను. కరువు కోసం ఒళ్లు దాచుకున్న కొవ్వు, కరువు రాగానే ఆ ఒంటినే ముంచేస్తుంది. ఇంత పెద్ద గేదెకీ, ఒళ్లో పట్టే పిల్లికీ అదే ధర్మం. ఆ సంగతి పుస్తకంలో చదవడం వేరు, పసుపు చెవులు పట్టుకుని తెలుసుకోవడం వేరు. నాకు భయమూ ఆశ్చర్యమూ ఒకేసారి కలిగాయి.

ఎండలో విజయవాడ దాకా తీసుకెళ్తే దారిలోనే పోవచ్చని ఇక్కడే వైద్యం మొదలుపెట్టాం. ఆ అమ్మాయి వీడియో కాల్‌లో ఎట్లా చేయాలో చెబుతుంటే, పసిపిల్లలకి వేసే సన్నటి పాల గొట్టం మందుల షాపు నుంచి తెప్పించి, పిల్లి ముక్కులోంచి పొట్టలోకి వేశాను. నా చేతులు అంత చిన్న పని ఎప్పుడూ చేయలేదు. పిల్లిని పట్టుకున్నది మా అటెండరు. గేదె కొమ్ము తగిలినా అయ్యో అనని మనిషి, ఆ రోజు “కొంచెం మెల్లగా మేడమ్, దానికి నొప్పి” అని మూడుసార్లు అన్నాడు. సెలైన్ పెట్టాం. రక్తం బస్సులో విజయవాడ ల్యాబుకి పంపాం. ఆ అమ్మాయి చెప్పిన ప్రత్యేకమైన దాణా మర్నాడు అదే బస్సు పార్సిల్‌లో వచ్చింది. “ఒక్కసారి ఎక్కువ పెట్టొద్దు మేడమ్, దానివల్లా చచ్చిపోద్ది. పది మిల్లీలీటర్లతో మొదలుపెట్టి రోజూ కొంచెం పెంచాలి. రోజుకి ఏడుసార్లు. నాలుగు వారాలు పట్టొచ్చు” అంది.

నాలుగు వారాలు, రోజుకి ఏడుసార్లు. ఎవరు చేస్తారు? నేను కోడలి ముఖం చూడలేక బల్ల వైపు చూస్తూ, తప్పు నాదేనని చెప్పి, ఇంత సేవ చేసినా బతుకుతుందని చెప్పలేనన్నాను.

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. “సిరంజి ఎట్లా పట్టుకోవాలో చూపించండి” అంది.

ఆ తర్వాత రెండు వారాలకు పైగా నేను రోజూ సాయంత్రం బస్సుకి ముందు ఆ ఇంటికి వెళ్లాను. ఆ ఇంట్లో చూసింది నాకు ఏ క్యాంపులోనూ, ఏ కాన్ఫరెన్సులోనూ కనిపించలేదు. ఆమె రోజా ఉంది. తెల్లవారుజామున ఇంత తిన్నాక సూర్యుడు దిగేదాకా చుక్క నీళ్లు ముట్టదు. బయట నిప్పులు చెరిగే ఎండ. ఆ ఎండలో కోడి వాసన వేసే ఆ దాణాని నీళ్లలో జావలా గోరువెచ్చగా కలిపి, సిరంజిలోకి తీసి, పిల్లిని మోకాళ్ల మధ్య పెట్టుకుని, ఒక్కో చుక్కా తోస్తుంది. తొందరపడితే వాంతి చేసుకుంటుంది. పావుగంట పడుతుంది ఒక్కసారికి. చివర్లో గొట్టంలోకి నీళ్లు పంపాలి. తను తాగని నీళ్లు. ఎండిపోయిన పెదాలతో, “అయిపోయింది రా, అయిపోయింది” అని దానికి చెబుతుంటుంది. గోడ మీద క్యాలెండరు కాయితం వెనక ఏ పూట ఎంత పోసిందో, నిలిచిందో వాంతి అయిందో రాసుకుంది. మా ఆసుపత్రి రిజిస్టరు ఏనాడూ అంత శుభ్రంగా లేదు.

ఒక రోజు ఉండబట్టలేక అడిగాను. “నువ్వు ఆకలితో ఉండి దానికి పెడుతున్నావు. కష్టంగా లేదామ్మా?”

“నాకు సాయంత్రం తింటానని తెలుసు కదండి” అంది. “దానికి తెలీదు.”

నేను ఆమెకంటే పాతికేళ్లు పెద్దదాన్ని. కాళ్లకి దణ్ణం పెడితే బాగోదని ఊరుకున్నాను.

పెద్దాయన మాత్రం నేను గదిలోకి రాగానే ముఖం గోడకి తిప్పుకునేవారు. కంచం సగం వెనక్కి వస్తోందని కోడలు చెప్పింది. నా మీద కోపమనుకున్నాను. “కోపం కాదండి. తన వల్లే అయిందనుకుంటున్నారు” అని గొంతు తగ్గించి, నేను అడగకుండానే మిగతాది చెప్పింది.

“మామయ్య లారీ మీద ఉన్నప్పుడు ఏనాడూ ఒక్కరే కూర్చుని తినలేదంటండి. ధాబా దగ్గర ఆగితే క్లీనర్‌కి, పక్క లారీ వాళ్లకి, దార్లో పోయేవాళ్లకి, అందర్నీ పిలిచి పెట్టేవారంట. పండక్కి మా వీధి పిల్లలందరికీ సేమియా ఆయన చేత్తోనే. కుడి చెయ్యి పడిపోయాక మానేసారండి. ఎడం చేత్తో మనిషికి ఏదీ పెట్టకూడదు, ఇవ్వకూడదు అని ఆయనకి పట్టింపు. మా పాపకి చాక్లెట్టయినా మంచం మీద పెట్టి తీసుకోమని సైగ చేస్తారు గానీ చేతికివ్వరు. పిల్లికి ఎడమా కుడీ లేదు కదండి. అది ఒక్కటే ఆయన చేతిలో తినేది.”

ఎడమ చేత్తో పెట్టకూడదన్న పట్టింపు మా ఇంట్లోనూ ఉంది, మీ ఇళ్లల్లోనూ ఉంది. కుడి చెయ్యి పడిపోయిన మనిషికి ఆ పట్టింపు ఎట్లా ఉంటుందో ఒక్కసారైనా ఆలోచించలేదు. అంతమందికి పెట్టిన మనిషికి పెట్టడానికి నాలుగేళ్లుగా మిగిలింది ఒక్క నోరు. ఆ నోటి ముందు నుంచి ఆయన చేతిని నేను ఒక్క మాటతో తీయించాను. ఆ చేతికి అలవాటుపడిన పిల్లి, గిన్నెని తిండిగానే ఎరగదు.

నేను వెళ్లి ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకున్నాను. నా సర్వీసులో రైతుకి క్షమాపణ చెప్పిన జ్ఞాపకం లేదు. “బాబాయ్‌గారూ, అది లావయింది మీ ముద్దలవల్ల, నిజమే. కానీ దాన్ని ఇంతదాకా తెచ్చింది నా మాట. తప్పు నాది” అన్నాను. గోడ వైపే చూస్తూ “పోనీ” అన్నారు. “పోనీ కాదు. రేపట్నించి దానికి మీ చేత్తోనే పెట్టి చూడాలి. నేనే చెబుతున్నా” అన్నాను.

మొదటి రోజు ఆయన చెయ్యి చాపితే పిల్లి వాసన చూసి మొహం తిప్పుకుంది. రెండో రోజు వాసన కూడా చూడలేదు. విజయవాడ అమ్మాయి ఫోనులో, “బలవంతం వద్దు మేడమ్, వాసనకే విసుగు పుడితే అసలు ముట్టదు. రోజుకి ఒక్కసారి చాలు” అంది. అప్పటికి చెవుల పసుపు కొంచెం తగ్గింది, కానీ గొట్టం లేకపోతే అది బతకదు. గొట్టంతో ఎన్నాళ్లని?

గొట్టం వేసిన పదిహేడో రోజు సాయంత్రం. కోడలు సిరంజి నింపుకుని కింద కూర్చుంది. పెద్దాయన మంచం అంచున కూర్చుని, గోరంత కోడిముక్క చిదిపి, అరచేతిలో పెట్టుకుని, చెయ్యి కిందికి వేలాడదీశారు. పిల్లి లేచి, ముక్కుకి గొట్టం వేలాడుతుండగా రెండడుగులు వేసింది. వేళ్లు నాకింది. ఒకసారి, ఇంకోసారి. తర్వాత ఆ ముక్క తీసుకుంది. నమలడం మరిచిపోయినట్టు ఎంతసేపు నమిలిందో! మేం ముగ్గురం ఆ దవడల వంకే చూస్తున్నాం. మింగింది. మింగి, అరచేతిలో ఇంకేమైనా ఉందా అని వెతికింది.

కోడలు సిరంజి కింద పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన “రైట్” అన్నారు. తర్వాత “రైట్, రైట్” అని, ఇంకా ఏదో అనబోయి, మాట రాక, తల ఊపుతూ ఉండిపోయారు. నేనూ ఏడ్చాను. దాచుకోవడం దేనికి? వేలకొద్దీ పశువులు నా ముందు మేత మేశాయి. ఒక ప్రాణి తినడం ఎంత పెద్ద సంగతో నాకు ఆ సాయంత్రం తెలిసింది.

నాలుగో వారానికి గొట్టం తీసేశాం. పండక్కి నాకు డబ్బా నిండా షీర్ ఖుర్మా పంపారు. కానీ పిల్లి లావు అట్లాగే ఉంది కదా! మళ్లీ మొదటికొచ్చాం. ఈసారి మేం ముగ్గురం, విజయవాడ అమ్మాయి ఫోనులో, నలుగురం కూర్చుని ఆలోచించాం. పెట్టే చేతిని ఆపకూడదు, పెట్టేదాన్ని కొలవాలి అని తేల్చుకున్నాం. రోజుకి ఎంతో అంత మాంసం, దాణా పొద్దున్నే రాగి తీగ కాటా మీద తూచి, మూత ఉన్న స్టీలు గిన్నెలో వేసి పెద్దాయన మంచం మీద పెడుతుంది కోడలు. ఆయన ఇష్టం. ఎప్పుడు పెట్టినా, ఎన్నిసార్లు పెట్టినా ఆ గిన్నెలోదే. కంచంలోది ఆయనది. మొదట్లో ఆయన మధ్యాహ్నానికే గిన్నె ఖాళీ చేసేసి, సాయంత్రం పిల్లి అరుస్తుంటే అపరాధిలా కూర్చునేవారు. తర్వాత పొదుపు నేర్చుకున్నారు. ఒక్కో ముక్క గది ఆ మూలకి విసిరేవారు, అది నడిచి వెళ్లి తిని మళ్లీ వచ్చేది. ఎవరూ చెప్పలేదు, ఆయనకే తోచింది. ఆ విసురుడుతోనే సగం వ్యాయామం అయిపోయింది దానికి.

ఇంటాయన ప్రతి ఆదివారం తూచి ఫోను చేసేవాడు. ఏడొందల గ్రాములకి శభాష్ అన్న నేను, ఇప్పుడు వందకి మించి తగ్గిందంటే గుండె పట్టుకునేదాన్ని. “అంత ఎందుకు తగ్గింది? సరిగ్గా తూచావా? రేపు రెండు ముక్కలు ఎక్కువ వెయ్యి” అని కంగారు. వారానికి నలభై, యాభై గ్రాములు తగ్గితే ఆ రాత్రి ప్రశాంతంగా నిద్రపోయేదాన్ని. అట్లా ఏడాది పట్టింది. గేదెల మధ్య పెరిగిన నాకు గ్రాముల్లో ఆలోచించడం అప్పుడే అలవాటైంది. విజయవాడ అమ్మాయి ఒకసారి పేట వచ్చి పిల్లిని చూసి వెళ్లింది. బస్టాండులో ఆమెతో, “ఆ రోజు క్షవరాలన్నాను, ఏమీ అనుకోకు” అన్నాను. “ఎప్పుడన్నారు మేడమ్?” అంది. గుర్తులేకపోవడం నిజమో మర్యాదో నాకు తెలియదు. అడగలేదు.

రిటైర్మెంటుకి వారం ముందు ఆ ఇంటికి చెప్పిరావడానికి వెళ్లాను. పిల్లి అయిదు కిలోల చిల్లర ఉంది. కిటికీ గట్టు మీదకి ఒక్క దూకున ఎక్కి కూర్చుని, మెడ వెనక్కి తిప్పి వీపు నాక్కుంటోంది. నన్ను చూసి చెవులు వెనక్కి పెట్టింది. దానికి నేనంటే ముక్కులో గొట్టమే గుర్తు. కోడలు టీ పెట్టింది. హజ్ వెళ్లొచ్చిన చుట్టాలు తెచ్చిన ఖర్జూరాలని ఒక పళ్లెంలో వేసి మంచం మీద పెట్టి, మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది.

పెద్దాయన పళ్లెం వంక చూశారు. నా వంక చూశారు. ఎడమ చేత్తో ఒక ఖర్జూరం తీసి నా వైపు చాపారు. సగంలో ఆ చెయ్యి ఆగిపోయింది. ఏం చేస్తున్నారో ఆయనకి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. మంచం మీద పెట్టేద్దామా అన్నట్టు వేళ్లు వంగాయి. అప్పుడే నీళ్ల గ్లాసుతో వచ్చిన కోడలు గుమ్మంలోనే నిలబడిపోయింది.

నేను కుర్చీలోంచి ముందుకు వంగి రెండు చేతులూ దోసిలి పట్టాను. ఆయన కొంచెంసేపు ఆ దోసిలి వంకే చూసి, అందులో పెట్టారు. నేను అక్కడే, ఆయన చూస్తుండగా నోట్లో వేసుకున్నాను. అది నమిలి మింగేలోపే ఆయన రెండోది తీశారు.